గుమ్మం దాటించి చూడండి

దారానికి బరువుంటుందని పెళ్లయ్యేదాకా నాకు తెలియదు.

మా ఆవిడ దారాలు అమ్మేది. ఒకచోట కూర్చుని కాదు, ఊరూరా తిరిగి, దర్జీ కొట్లకీ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలకీ. అలా తిరగడాన్ని ఆ వ్యాపారంలో లైనుకెళ్లడం అంటారు. వాళ్ల కంపెనీకి రెండు లైన్లు. ఒకటి ఊళ్లోనే, కొందరు వీధులు పంచుకుని పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేది. రెండోది పెద్ద లైను. ఏడు ఊళ్లు, నెలకి ఎనిమిది రోజులు, బస్సులు, ప్యాసింజర్ రైళ్లు, లాడ్జి గదులు. పదహారేళ్లుగా ఆ పెద్ద లైను ఆవిడదే. దర్జీలు ఆవిడని దారాలమ్మ అనేవారు. అసలు పేరు బిల్లుల మీద తప్ప ఎవరూ చూసినట్టు లేదు.

భుజాన ఒక సంచి. సంచిలో రంగుల పుస్తకం. పుస్తకం అంటే చదివేది కాదు. దళసరి అట్టల మీద వేలెడంత దారపు కుచ్చులు వరసగా అంటించి, ఒక్కోదాని కింద నంబరు వేసి ఉంటాయి. మూడు వందల పన్నెండు రంగులు. రెండు కిలోల నాలుగొందల గ్రాములు. ఈ లెక్క నాకు తూకపు రాయి చెప్పింది కాదు, ఆవిడ చెయ్యి చెప్పింది. ఏళ్ల తరబడి దారపు కండెలు పట్టుకున్న చెయ్యి. కూరగాయలాయన తూచి ఇచ్చిన సంచి అందుకుని, "యాభై గ్రాములు తగ్గింది బాబూ" అనేది. ఆయన మళ్లీ తూచేవాడు కాదు. ఇంకో వంకాయ పడేసేవాడు.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. రోజంతా కుర్చీలో కూర్చుని వేరేవాళ్ల అక్షరాలు సరిచేయడం నా పని. రంగుల విషయంలో మాత్రం నాది గుడ్డి లెక్క. నలుపుకీ ముదురు నీలానికీ తేడా అడిగితే నీళ్లు నమిలేవాణ్ణి. "మొగుడు ఇంట్లో, పెళ్లాం లైన్లో" అని మా వీధిలో ఒకాయన ఆవిడ ముందే అన్నాడు. ఆవిడ చెప్పులు విడుస్తూ, "ఆయనది తప్పులు పట్టే ఉద్యోగమండీ. నేను రోజూ ఇంట్లో ఉంటే అన్నీ నావే పడతారు" అంది. ఆయన ఆ తర్వాత మా గుమ్మం ముందు మాట్లాడటం తగ్గించాడు.

ఆవిడ పోయి రెండేళ్లయింది. జబ్బు సంగతి రాయను. ఒక చిన్న ల్యాప్‌టాప్ కొన్న సంగతి రాస్తాను. ఆవిడ ఎలాంటి మనిషో నాకు బాగా తెలుసని అనుకునేవాణ్ణి. అసలు తెలిసింది ఆ నాలుగైదు రోజుల్లోనే.

ఒక గురువారం కంపెనీ నుంచి కాగితం వచ్చింది. వచ్చే నెల మొదటి తారీకు నుంచి ఏ ఊళ్లో రాసిన ఆర్డరు ఆ రోజే ఆ ఊరి నుంచే కంప్యూటర్లో పంపాలి. లైనుకెళ్లే వాళ్లు ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లే కొనుక్కుని సోమవారం మీటింగుకి తీసుకురావాలి. తేలేని వాళ్లకి గోడౌన్లో కౌంటర్ పని ఇస్తారు. కింద మేనేజరు సంతకం.

"కౌంటర్ పనంటే ఫ్యాను కింద కూర్చోవడమేగా. భుజం నొప్పీ ఉండదు" అన్నాను.

ఆవిడ కాగితం మడిచి రంగుల పుస్తకంలో పెట్టింది. "ఏవండీ, మిమ్మల్ని రేపట్నుంచి ప్రూఫులు మానేసి కాగితాలు లెక్కపెట్టమంటే?"

నేను తల గోక్కున్నాను.

"అదీ సంగతి" అంది.

పెద్ద లైను మీద ఇంకొకరి కన్ను కూడా ఉంది. ఊళ్లో లైను చూసే ఒకాయన, ఆరడుగుల పొడుగు. అందరూ పొడుగాయన అనేవారు. మంచివాడే. ఆయనకి అప్పటికే పెద్ద ల్యాప్‌టాప్ ఉంది. భుజమూ గట్టిదే.

చిక్కంతా మా ఆవిడ భుజం దగ్గరే వచ్చింది. అంతకు ముందు ఏడాది ఎడమ భుజం పట్టేసి మూడు నెలలు చెయ్యి పైకెత్తలేకపోయింది. ఐదు కిలోలు దాటి మోయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ రాత్రి భోజనాలయ్యాక ఆవిడ సంచిలో సామానంతా చాప మీద పరిచింది. రంగుల పుస్తకం, రెండు జతల బట్టలు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా, గొడుగు. ఒక్కోటి చేత్తో ఎత్తి దించుతూ పైకే లెక్క చెప్పింది. చివరికి, "కిలోంబావు మిగిలింది. ఛార్జరుతో కలిపి కిలోంబావు లోపు దొరకాలి" అంది.

"రంగుల పుస్తకం తీసేయొచ్చుగా. రంగులన్నీ ఫొటోలు తీసి కంప్యూటర్లో పెట్టారటగా" అన్నాను.

"మీరు నిఘంటువు ఇంట్లో వదిలేసి ప్రెస్సుకెళ్తారా?"

మంచం మీద నుంచి మా అత్తగారు కలగజేసుకుంది. ఆవిడకి ఎనభై దాటాయి, చెవులు మాత్రం పాము చెవులు. "ఒళ్లో పెట్టుకునే కంప్యూటరంటే! ఒళ్లో పెట్టుకోడానికి ఒక మనవణ్ణివ్వవే తల్లీ అని ఇన్నేళ్లూ మొత్తుకుంటే, చివరికి ఇదన్నమాట."

"ఇది ఏడవదమ్మా" అంది మా ఆవిడ డబ్బా సర్దుతూ.

శనివారం మధ్యాహ్నం కంప్యూటర్ల కొట్టుకి వెళ్లాం. పొడుగాటి కొట్టు, సొరంగంలా ఉంది. గుమ్మం దగ్గర తప్ప పగటి వెలుతురు రాదు. లోపల వరసగా ట్యూబులైట్లు. కొట్టాయనకి ముప్పై ఐదేళ్లుంటాయి. కళ్లజోడు నుదుటి మీద, నోట్లో మాట సిద్ధంగా.

"ఏం పనికమ్మా? సినిమాలా, ఆటలా, ఆఫీసు పనా?"

"బస్సు పని" అంది మా ఆవిడ.

ఆయనకి అర్థం కాలేదు. వివరంగా చెప్పింది. తక్కువ ధరలో కావాలి, ఈ ఏడాది బోనసుకి మించకూడదు. బస్సులో ఆరు గంటలు కూర్చుంటాను, అంతసేపూ ఛార్జింగు నిలవాలి. లాడ్జి గదిలో మంచానికి ఆమడ దూరంలో ప్లగ్గుంటుంది, తీగ పొడుగ్గా ఉండాలి. పాడైతే బాగుచేసే మనిషి నా ఏడు ఊళ్లలో కనీసం రెండింట్లో ఉండాలి.

కొట్టాయన ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది తీసుకోండి. కిలో, అంతే. గాలి ముక్క."

ఆవిడ చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగింది. "కిలో నూట యాభై ఉంది బాబూ."

"కంపెనీవాళ్లే రాశారమ్మా, డబ్బా మీద."

"డబ్బా మీద రాసింది డబ్బా చదువుకుంటుంది."

పక్కనే మేకులూ గొళ్లాలూ అమ్మే కొట్టు. అక్కడ తూకం ఉంది. కొట్టాయన పంతం కొద్దీ తీసుకెళ్లి తూయించాడు. కిలో నూట అరవై. తిరిగొచ్చేటప్పుడు కళ్లజోడు నుదుటి మీద నుంచి కళ్ల మీదకి దిగింది. "పది గ్రాములు తప్పారు" అన్నాడు.

"దుమ్ము తుడవలేదుగా" అంది ఆవిడ.

రెండోది తెరిచాక నన్ను పిలిచింది. "ఏవండీ, ఆ కుర్చీ ఇలా జరిపి నా ముందు కూర్చోండి. వీపు నావైపు. మీరు ముందు సీటాయన."

కూర్చున్నాను. ఆవిడ వెనక కుర్చీలో సంచి ఒళ్లో పెట్టుకుని, సంచి మీద ల్యాప్‌టాప్ పెట్టుకుంది.

"ఇప్పుడు నిద్రొచ్చిందనుకుని వెనక్కి వాలండి."

వాలాను. నా వీపు తెర మీద పడింది. మూత సగానికి వచ్చేసింది.

"పెద్దది. ముందు సీటాయన గురక పెడితే నా ఆర్డరు పోయినట్టే. చిన్నది చూపించండి" అంది.

కొట్టాయన నవ్వు ఆపుకోలేక, "ఇన్నేళ్లలో ఈ పరీక్ష ఎవరూ పెట్టలేదమ్మా" అన్నాడు.

అంతవరకు అంతా సవ్యంగానే నడిచింది. అసలు పేచీ రంగు దగ్గర వచ్చింది. కంపెనీ ఇచ్చిన రంగుల ఫొటోలు ఒక పుల్లలాంటి దాన్లో తెచ్చుకుంది. దాన్ని ల్యాప్‌టాప్‌కి గుచ్చి, తెర మీద రెండొందల పద్దెనిమిదో నంబరు తెరిపించింది. బులుగుకీ ఊదాకీ మధ్య రంగట, స్కూలు బట్టలకి ఎక్కువ వాడతారట. సంచిలోంచి పుస్తకం తీసి అదే నంబరు దారపు కుచ్చు అట్ట మీద నుంచి ఊడదీసి తెర పక్కన ఆనించింది.

"కలవట్లేదు."

"అన్నీ ఇంతేనమ్మా" అన్నాడు కొట్టాయన.

"ఇంకోటి చూపించండి."

ఇంకోటి చూపించాడు. కలవలేదు. మూడోదీ కలవలేదు. నాలుగోదీ. నాలుగూ నాలుగు కంపెనీలవి. నాకైతే అన్నీ ఒకేలా ఉన్నాయి, దారం కూడా. ఆ మాట పైకి అనే ధైర్యం చాలలేదు.

"అబద్ధమాడే యంత్రాన్ని భుజాన వేసుకుని నా వాళ్ల దగ్గరికి ఎలా వెళ్తాను బాబూ? ఈ తెర చూసి రంగు చెప్తే, రేపు సరుకు దిగాక నా మొహాన కొడతారు."

కొట్టాయనకి విసుగొచ్చింది. గంటన్నర అయింది మరి. "నా తెరలన్నీ అబద్ధమాడతాయా అమ్మా? మీ దారమే తేడా ఉందేమో చూసుకోండి."

ఆవిడ పుస్తకం టప్పున మూసింది. "పదహారేళ్లు అమ్మాను ఈ దారం. దారాల సంగతి నువ్వు నాకు చెప్తావా? పెట్టెలమ్ముకునేవాడివి పెట్టెల సంగతి చూసుకో."

నువ్వు అనేసింది. కొత్తవాళ్లని ఆవిడ అలా అనడం నేను వినలేదు. కొట్టాయన తెరలు ఒక్కొక్కటే మూయడం మొదలుపెట్టాడు. మేం మెట్లు దిగి వీధిలోకి వచ్చేశాం.

ఎండ ఫెళ్లున కాస్తోంది. ఆవిడ విసవిసా పది అడుగులు నడిచి, పుస్తకం సంచిలో పెట్టుకోడానికి ఆగింది. కుచ్చు చేతిలోనే ఉండిపోయింది. దాన్ని పుస్తకంలోకి తోయబోయి ఆగింది. ఎండలో చాపి చూసింది. నీడలోకి తెచ్చి చూసింది. మళ్లీ ఎండలోకి.

"ఏవండీ, ఇందాక తెర మీద చూసిన రంగు ఇదే."

"నాకేం తెలుస్తుంది..."

"మీకు తెలియదు. నాకు తెలుసు. నాలుగు తెరలూ ఒకే మాట చెప్పాయి. వేరే మాట చెప్పింది దారం ఒక్కటే. నాకప్పుడే బుర్రలో వెలగాల్సింది."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఏ దర్జీ కొట్లోనైనా ఆవిడ అనే మొదటి మాట ఒకటుంది: గుమ్మం దాటించి చూడండి. ట్యూబులైటు కింద దారం ఒక రంగు, పగటి వెలుతుర్లో ఇంకో రంగు. అందుకని దారం కుచ్చునీ బట్ట ముక్కనీ పట్టుకుని గుమ్మం బయటికి వచ్చి చూశాకే నంబరు రాసుకోమనేది. కొత్తగా చేరిన వాళ్లకి నేర్పే మొదటి పాఠం కూడా అదేనట. ఇన్నేళ్లూ ఊరంతటికీ చెప్పిన మాట, ఆ సొరంగం లాంటి కొట్లో తనే మరిచిపోయింది. యంత్రాన్ని అనుమానించే హడావుడిలో దారాన్ని నమ్మేసింది.

"సరేలే, వీధి చివర ఇంకో కొట్టుంది. అక్కడ కొనుక్కుందాం" అన్నాను. నిజం చెప్పొద్దూ, మళ్లీ ఆ మెట్లెక్కడానికి నాకే మొహం చెల్లలేదు.

"అక్కడికెళ్తే యంత్రం దొరుకుతుంది. ఈయన్ని అన్న మాట ఇక్కడే ఉండిపోతుంది" అని వెనక్కి తిరిగింది.

కొట్టాయన మమ్మల్ని చూసి కూడా తెరలు మూస్తూనే ఉన్నాడు. ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"తప్పు మీ తెరది కాదు బాబూ, నా దారానిది. దారానిది కూడా కాదు, నాది. ఒకసారి ఆ పెట్టె పట్టుకుని గుమ్మం దగ్గరికి రండి, చూపిస్తాను."

ఆయన వచ్చాడు. ముగ్గురం గుమ్మం నీడలో నిలబడ్డాం. ఆవిడ కుచ్చుని తెరకి ఆనించింది. కొట్టాయన తెర చూశాడు, దారం చూశాడు, లోపలికి వెళ్లి ట్యూబులైటు కింద చూశాడు, మళ్లీ బయటికి వచ్చాడు. పిల్లలు కొత్త ఆట నేర్చుకున్నట్టు నాలుగుసార్లు తిరిగాడు.

"మా ఆవిడ చీరలు కొన్నప్పుడల్లా ఇంటికొచ్చాక రంగు మారిందని గొడవ. నేను నవ్వేవాణ్ణమ్మా" అన్నాడు.

"ఇవాళ వెళ్లి క్షమించమని అడగండి. నేను అడిగానుగా."

అప్పుడాయన లోపలి అల్మరాలోంచి, అంతవరకు చూపించనిది ఒకటి తెచ్చాడు. చిన్నది, పదకొండంగుళాల తెర. నిరుటి మోడలు, బూడిద రంగు. "ఇది మీకు ముందే చూపించాల్సింది. పెద్ద పనులకి రాదు, నెమ్మది. కొన్నవాళ్లు వారం తిరక్కుండా తెచ్చి తిట్టిపోతారని దాచేశాను. ఛార్జింగు మాత్రం రోజంతా ఉంటుంది."

"నేను చేసేది ఆర్డరు రాయడం, పంపడం. నెమ్మదైతే నష్టం లేదు బాబూ. మా బస్సు దీనికంటే నెమ్మది."

ఎడమ చేత్తో అందుకుంది. నొప్పి ఉన్న చెయ్యి అదే. "కిలో నలభై." కుడిచేత్తో ఛార్జరు. "రెండొందలకి పది తక్కువ. మొత్తం కిలో రెండొందల ముప్పై."

ఈసారి మేకుల కొట్టాయన కూడా తూకం దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. కిలో రెండొందల ముప్పై రెండు.

నేను మళ్లీ ముందు సీటాయననై వెనక్కి వాలాను. మూత తగల్లేదు. కొట్టాయన ధర తగ్గించి చెప్పాడు. బోనసు లోపలికే వచ్చింది. బయటికొచ్చాక ఆవిడ సంచి భుజాన సర్దుకుంటూ అంది. "పద్దెనిమిది గ్రాములు మిగిలింది. దువ్వెన పెట్టుకుంటా."

సోమవారం మీటింగులో నేను లేను. ఆవిడ సాయంత్రం వచ్చి చెప్పింది. ఆవిడ పోయాక పలకరించడానికి వచ్చిన పొడుగాయన కూడా అదే చెప్పాడు. ఇద్దరి మాటలూ అక్షరం తేడా లేకుండా సరిపోయాయి కాబట్టి రాస్తున్నాను.

మేనేజరు అందరి యంత్రాలూ చూశాడు. మా ఆవిడ ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకుని, "మేడం, ఇది మరీ బొమ్మలా ఉంది. పని చేస్తుందా?" అన్నాడు.

ఆవిడ అక్కడికక్కడే ఒక ఆర్డరు రాసి పంపింది. మేనేజరు ఫోను మోగింది. వెళ్లింది. అక్కడితో ఊరుకుంటే లైను దక్కేదే. ఊరుకోలేదు.

"సార్, ఇంకో మాట. ఈ ఫొటోలు దర్జీల ఫోన్లకి ఇలాగే పంపితే సరుకు వాపసు వస్తుంది."

రెండొందల పద్దెనిమిది తెరిచి, పక్కన కుచ్చు పెట్టింది. గదిలో ట్యూబులైటు. తేడా అందరికీ కనబడింది.

"మేడం మిషను చవకది సార్, అందుకే" అన్నాడు పొడుగాయన.

"మీ పెద్దది కూడా తెరవండి బాబూ" అంది. తెరిచాడు. అదే తేడా. అప్పుడావిడ శనివారం కొట్లో జరిగిందంతా చెప్పింది. నాలుగు తెరల్ని అబద్ధాలకోరులన్న సంగతి, కొట్టాయన్ని నువ్వు అన్న సంగతి, మెట్లు దిగి మళ్లీ ఎక్కిన సంగతి, ఏదీ దాచకుండా. "పదహారేళ్ల అనుభవం ఉన్నదాన్ని నేనే పొరబడ్డాను. రేపు దర్జీ తన కొట్లో లైటు కింద కూర్చుని ఫోన్లో ఈ ఫొటో చూసి, దారం పక్కన పెట్టుకుని, కంపెనీ మోసం చేసిందంటాడు. నేను అన్నాను కాబట్టి వాళ్లూ అంటారు. అందరూ ఒకసారి గుమ్మం దాటండి."

మేనేజరుతో సహా పదకొండు మంది ల్యాప్‌టాప్‌లు చేతుల మీద పెట్టుకుని వరండాలోకి నడిచారట. "పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నామండీ" అన్నాడు పొడుగాయన, ఆ రోజు గుర్తొచ్చి.

చూశారు. తెరా దారమూ కలిశాయి. ఆ తర్వాత పొడుగాయనే అన్నాడట: "సార్, పెద్ద లైను మేడందే ఉండనివ్వండి. నాకు ఊళ్లో చాలు."

మేనేజరు ఇంకో పని కూడా చేశాడు. ఫొటోల కిందా, దారం డబ్బాల్లో వేసే చీటీ మీదా ఒక వాక్యం వేయాలన్నాడు. చీటీలు మా ప్రెస్సుకే అచ్చుకొచ్చాయి. ప్రూఫు నా బల్ల మీదకి వచ్చింది. "రంగును గుమ్మము దాటించి పగటి వెలుతురునందు పరిశీలించవలెను" అని ఉంది. అక్షర దోషం ఒక్కటీ లేదు. రచయిత వాక్యం మార్చే హక్కు ప్రూఫులు దిద్దేవాడికి లేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేనెప్పుడూ మార్చలేదు. ఆ రోజు మాత్రం ఆ వాక్యం మొత్తం కొట్టేసి, మార్జిన్లో ఆవిడ ఎలా అనేదో అలాగే రాశాను. గుమ్మం దాటించి చూడండి. అలాగే అచ్చయింది. కంపెనీ ఏమీ అనలేదు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆవిడ పెద్ద లైను తిరిగింది. ఆ బూడిద రంగు పెట్టె అరిగి, మీటల మీద అక్షరాలు చెరిగిపోయినా మార్చలేదు. ఏ మీట ఎక్కడుందో వేళ్లకి తెలుసనేది.

మొన్న నా లాల్చీకి జేబు ఊడితే వీధిలో కొత్తగా పెట్టిన దర్జీ కొట్టుకి తీసుకెళ్లాను. చిన్న వయసాయన, నేనెవరో తెలియదు. డబ్బాలోంచి రెండు దారాలు తీసి, లాల్చీ పట్టుకుని లేచాడు.

"ఎక్కడికి బాబూ?"

"గుమ్మం దాటించి చూడాలండి. లోపల రంగు తెలీదు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేముందండీ, దర్జీ పని చేసేవాళ్లందరికీ తెలిసిందే" అన్నాడు.

ఊరుకోవాలనుకున్నాను. ఊరుకోలేకపోయాను. "మా ఆవిడ చెప్పింది" అన్నాను. "పెద్ద లైను దారాలమ్మ. ఆ మాట ఆవిడదే."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నమ్మాడో, పెద్దాయనలే అనుకున్నాడో తెలియదు. రెండు దారాలూ నా చేతుల్లో చెరొకటి పెట్టాడు. "అయితే మీకు బాగా తెలుస్తుంది. రండి, ఏది కలుస్తుందో మీరే చెప్పండి."

ఆయన వెనకే గుమ్మం దాటి వెలుతుర్లోకి వెళ్లాను. రెండూ నాకు ఒకలాగే ఉన్నాయి. చాలాసేపు చూసి, ఎడమచేతిలోది ఇచ్చాను.

ఆయన లాల్చీ మీద ఆనించి చూసుకుని తలూపాడు. "సరిగ్గా ఇదేనండీ."